బొంత కుట్టడం వచ్చు, మరి నేర్పడం?

సూదీ దారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బెంగళూరు నుంచే, అవీ క్విల్టింగ్ గురించే, అంటే పై గుడ్డ, దూది, అడుగు గుడ్డ మూడు పొరలూ కలిపి కుట్టే పని. ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టినట్టున్నారు. అందులో ఎక్కువమంది అడిగింది కుట్టడం ఎలా అని కాదు, వచ్చినదాన్ని పది మందికి ఎలా నేర్పాలని. నేనూ ఆ ఊళ్లోనే ఉంటాను, అక్కడే నేర్పిస్తాను, అందుకే ఈ నెల మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. చీర ఫాల్సు, బ్లౌజు కటింగు ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది గుంటూరు, పెళ్లయ్యాక వైట్‌ఫీల్డ్‌లో స్థిరపడ్డాం. మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆ పిచ్చి నాకూ అంటుకుంది, తర్వాత వీడియోలు చూసి గుడ్డముక్కలు కలిపి కుట్టే ప్యాచ్‌వర్క్ నేర్చుకున్నాను. మా పాప మంచం మీద క్విల్టు చూసినప్పటి నుంచి అపార్టుమెంట్‌లో ఆడవాళ్లు క్లాసు పెట్టమని వెంటపడుతున్నారు. క్లబ్‌హౌస్‌లో రెండు ఆదివారాలు, పూటకి మూడు గంటలు ఇస్తామన్నారు. పది మంది పేర్లిచ్చారు. సింగిల్ బెడ్ క్విల్టు చేయిద్దామనుకుంటున్నాను. కుట్టడానికి భయం లేదు గానీ అందరి ముందూ నిలబడి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఆ సింగిల్ బెడ్ క్విల్టు ఆలోచన మానేయండమ్మా. లెక్క చూడండి, 60 అంగుళాల వెడల్పు 88 అంగుళాల పొడవు అనుకుంటే నాలుగంగుళాల గళ్లు 330 కావాలి. కొత్తవాళ్లు ఆరు గంటల్లో వాటిని కలిపి కుట్టడం కూడా పూర్తిచేయలేరు, ఇక దూది పరిచేదెప్పుడు, అడుగు గుడ్డ వేసేదెప్పుడు? సగంలో ఆగిన ఆ మూట ఇంటికెళ్లి అటకెక్కుతుంది, దాంతోపాటు వాళ్ల సరదా కూడా.

16 అంగుళాల కుషన్ కవరు చేయించండి. చిన్నదే అయినా క్విల్టులో ఉండే పనులు దాదాపు అన్నీ అందులో ఉన్నాయి: ముక్కలు కలపడం, బోర్డరు, మూడు పొరలు పేర్చడం, వాటిని కలిపి కుట్టడం. లేనిదల్లా అంచుకి పట్టీ వేయడం ఒక్కటే, అది తర్వాతి క్లాసుకి ఉంచండి. మధ్యలో తొమ్మిది గళ్లు, అయిదు ముదురు రంగువి, నాలుగు లేతవి. ఒక్కోటి నాలుగున్నర అంగుళాలకి కత్తిరిస్తే కుట్టాక నాలుగు అవుతుంది, తొమ్మిదీ కలిస్తే 12 అంగుళాల చదరం. దాని చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీలు, రెండు పన్నెండున్నర పొడవువి, రెండు పదహారున్నరవి. కవరు తిరగేశాక సరిగ్గా 16 వస్తుంది. రెండో ఆదివారం సాయంత్రం ప్రతి ఒక్కరూ పూర్తయిన వస్తువు చేతిలో పట్టుకుని లిఫ్టెక్కాలి, అది ఒక్కటి చూసుకుంటే మిగతా లోపాలు వాళ్లకి గుర్తుండవు.

ఇప్పుడు అసలు తయారీ. గడియారం ముందు పెట్టుకుని ఆ కవరు మొదటి నుంచి మీరొకసారి కుట్టండి. ఒక్కో పనికి ఎంత పట్టిందో రాయండి, దానికి మూడింతలు వేసుకోండి, అదీ మీ క్లాసు టైము. ఆరు గంటలు దాటిందా, ఏదో ఒకటి తీసేయాలి. కుడుతున్నప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయో కూడా గమనించండి. మొదటి కుట్టు వేసేముందు పై దారం, కింది దారం రెండింటినీ వెనక్కి లాగి వేలితో నొక్కి పడతారు కదా, ఆ సంగతి మీకు గుర్తే ఉండదు, కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు, దారం లోపలికి పోయి మిషన్ గుర్రుమని ఆగిపోతుంది. రాసుకున్నాక ఆ కాగితం మీవారికిచ్చి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చుని, ఇందులో రాసినట్టు రెండు ముక్కలు కలపండి అని చెప్పండి. ఎక్కడ ఆయన తల గోక్కుంటారో అక్కడ మీ పాఠంలో ఒక వాక్యం తక్కువైందన్నమాట.

పావు అంగుళం కుట్టు దగ్గర మాత్రం ఎంతసేపైనా ఆగండి. బ్లౌజులు కుట్టే అలవాటున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు, వాళ్ల చెయ్యి అరంగుళం వదలడానికి అలవాటుపడి ఉంటుంది, రేపు లావైతే విప్పుకోవాలిగా. క్విల్టుకి అది కుదరదు. టేపులో ఒక చిన్న గీతంత, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ వదిలినా, కుట్టుకి రెండు వైపులా కలిపి పావు అంగుళం పోతుంది. వరసలో రెండు కుట్లు, వరస అరంగుళం పొట్టిదవుతుంది, ఇక బోర్డరు ఎలా అతుకుతుంది? అందుకని మొదటి పావుగంట గళ్లు ముట్టుకోనివ్వకండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న పీలికలు మూడేసి ఇచ్చి పక్కపక్కన కుట్టించండి. మధ్య పీలిక కొలిస్తే సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువ వస్తే కుట్టు లోపలికి పోయింది, ఎక్కువ వస్తే అంచుకి జరిగింది. సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ పలక మీద ఇన్సులేషన్ టేపు రెండు మూడు పొరలు అంటించండి, గుడ్డ అంచు ఆ గట్టుకి ఆనుకుని నడుస్తుంది. దీనికని ప్రత్యేకమైన పాదం (మిషన్‌లో గుడ్డని నొక్కిపట్టే భాగం) కొనమని మొదటి క్లాసులోనే చెప్పి బెదరగొట్టొద్దు.

తర్వాత ఇస్త్రీ. బట్టల మీద తోసినట్టు తోస్తే గళ్లు సాగి చదరం కాస్తా వంకర అవుతుంది. పెట్టె ఎత్తి పెట్టాలి, నొక్కాలి, మళ్లీ ఎత్తాలి. కుట్టు మడతలన్నీ ముదురు గుడ్డ వైపుకి పడుకోబెట్టమనండి. అలా చేస్తే మొదటి వరసలో మడతలు ఒక దిక్కుకి, రెండో వరసలో ఇంకో దిక్కుకి వాటంతటవే పోతాయి. రెండు వరసలు ఎదురెదురుగా పెట్టి చూపుడువేలు, బొటనవేలు మధ్య మెల్లగా జరిపితే ఒకచోట ఆ రెండు మడతలూ ఒకదాన్నొకటి తన్నుకుని ఆగిపోతాయి, వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చితే మూలలు కలుస్తాయి. ఇది మాటల్లో ఎంత చెప్పినా బుర్రకెక్కదు, ప్రతి ఒక్కరి చేతిలో పెట్టి జరిపించండి. మొదటిసారి ఆగినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి!

శాంపిల్ ఒక్కటి కాదు, అయిదు కావాలి. విడి గళ్లు, వరసలు కుట్టినది, తొమ్మిదీ కలిసినది, బోర్డరు పడినది, మూడు పొరలూ పేర్చినది, ఇలా ఎక్కడికక్కడ ఆపేసినవి. కుట్టు కనపడేలా లేత గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టండి. బల్ల మీద వరసగా పెడితే ఎవరు ఎక్కడున్నారో వాళ్లే చూసుకుంటారు, తర్వాతేంటి మేడమ్ అని వందసార్లు అడగరు. చూపించేటప్పుడు పది మందినీ చుట్టూ మూగనివ్వకండి. అయిదుగురేసి, అదీ మీ వెనకాల, భుజం మీదుగా చూడాలి. ఎదురుగా నిలబడితే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఎడమచేతి వాటం వాళ్లుంటే వాళ్లని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టండి, అద్దంలో చూసినట్టు సరిపోతుంది.

గళ్లన్నీ ఇంట్లోనే కత్తిరించి కవర్లలో పెట్టుకెళ్లండి. కటింగే సగం క్విల్టింగ్ కదా, అది నేర్పకపోతే ఎలా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, కానీ ఆరు గంటల్లో రెండు గంటలు దానికే పోతే వస్తువు పూర్తవదు. రోటరీ కట్టరు ఒక పది నిమిషాలు చూపించి, సరదా ఉన్నవాళ్లని ఒక్కొక్కరిని ఒక్కో గీత కోయనివ్వండి చాలు. దాని బ్లేడు చూడ్డానికి పిజ్జా కట్టరులా అమాయకంగా ఉంటుంది, వేలి మీదకొస్తే ఎముక దాకా పోతుంది. ప్రతి కోతకీ బ్లేడు మూసేయడం, ఒంటికి దూరంగా తోయడం, స్కేలు మీద వేళ్లు అంచు దాటకుండా చూసుకోవడం, ఈ మూడూ అలవాటయ్యేదాకా కట్టరు వాళ్ల చేతికివ్వొద్దు. కోయడానికి మీ క్లబ్‌హౌస్‌లో టీటీ (టేబుల్ టెన్నిస్) టేబులు ఉంటే వదలకండి, 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, అంత బల్ల మనకి ఇంకెక్కడా దొరకదు. ఎత్తు మాత్రం రెండున్నర అడుగులే కాబట్టి ఎక్కువసేపు వంగి కోస్తే నడుం పట్టేస్తుంది, టేబులు కాళ్ల కింద ఇటుకలు పెట్టించగలిగితే పెట్టించండి.

రెండో ఆదివారం చేతికుట్టే పెట్టుకోండి. పై భాగం, పలచటి బ్యాటింగు (మధ్యలో వేసే దూది పొర), లైనింగు మూడూ పేర్చి పిన్నీసులు పెట్టి, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో రెండు మూడు పోగులు తీసి, గళ్ల మూల నుంచి మూలకి పెద్ద కుట్లతో ఇంటూ గీతలు కుట్టించండి. బ్యాటింగు, లైనింగు పై భాగం కంటే అంగుళమైనా పెద్దవిగా ఉండాలి, కుట్టేకొద్దీ లోపలికి లాగుతాయి. పిన్నీసులు జానెడు దూరానికి ఒకటి పెడితే చాలదు, పిడికిలి ఆనించిన ప్రతిచోటా ఒకటి తగలాలి. వెనక భాగానికి పదహారున్నర వెడల్పు, పదకొండున్నర పొడవున్న ముక్కలు రెండేసి కావాలి, వాటి ఒక్కో అంచు మీరే ఇంట్లో అంగుళం మడిచి కుట్టి తీసుకెళ్లండి. ఒకదాని మీద ఒకటి నాలుగున్నర అంగుళాలు ఎక్కుతాయి, జిప్పు గొడవ లేదు.

చివరగా ఒక మాట గట్టిగా చెప్తాను. ఎవరిదైనా వంకర పోయిందని వాళ్ల కుర్చీలో కూర్చుని మీరు కుట్టేయకండి. విప్పమని చెప్పండి, పక్కన నిలబడండి, కావాలంటే మీ దగ్గరున్న వేరే ముక్క మీద చూపించండి. అన్నీ విప్పించనక్కర్లేదు కూడా. తర్వాతి పనికి అడ్డమొస్తేనే విప్పించాలి. మూల ఒక నూలుపోగంత తప్పితే దిండు దూర్చాక ఎవరికీ కనపడదు, అది వదిలేయండి.

ప్రశ్న: నేను మారతహళ్లిలో మా ఇంట్లోనే చిన్న క్లాసు పెడుతున్నాను. గుడ్డ వాళ్లనే తెచ్చుకోమంటే ఖర్చు తగ్గుతుంది కదా? ఎంత గుడ్డ పడుతుంది, ఎక్కడ కొనాలి? కలంకారీ, మంగళగిరి వాడొచ్చా?

జవాబు: తెచ్చుకోమంటే ఏం తెస్తారో చెప్పనా, ఒకరు క్రేపు, ఒకరు పాత జీన్సు, ఒకరు పెళ్లినాటి పట్టు. ఒకే చదరంలో జారేదీ, సాగేదీ, మందమైనదీ పడితే కొత్త చేతులు వాటిని కలపలేవు. గుడ్డ మీరే కొనండి. మధ్య గడి ఒక్కటి మాత్రం వాళ్లింటి నుంచి తెచ్చుకోనివ్వండి, అమ్మ చీరో, పిల్లాడి పాత చొక్కానో, టీషర్టులా సాగేది కాకుండా నేసిన గుడ్డయి ఉండాలి, కాటన్ అయి ఉండాలి, అంతే. మరీ మెత్తబడిపోయిన చీరైతే చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఆ తర్వాత కత్తిరించండి, లేకపోతే కత్తెర కింద పారిపోతుంది.

పైన వైట్‌ఫీల్డ్ ఆవిడకి చెప్పిన కవరే తీసుకుంటే, 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా ఒక పట్టీకి తొమ్మిది గళ్లొస్తాయి. పది మందికి ముదురువి 50, అంటే ఆరు పట్టీలు, 27 అంగుళాలు. లేతవి 40, అయిదు పట్టీలు, ఇరవై రెండున్నర అంగుళాలు. బోర్డరుకి పదిహేను పట్టీలు, ముప్పై ఏడున్నర అంగుళాలు. ఇవి గీసి గీసి కోస్తేనే. తడిపితే కాటన్ మీటరుకి రెండు మూడు సెంటీమీటర్లు కుంచించుకుపోవడం మామూలే, పైగా ఎవరో ఒకరు ఒక గడి పాడుచేస్తారు, కాబట్టి ముదురు మీటరు, లేత మీటరు, బోర్డరు మీటరుంబావు తీసుకుంటే నిశ్చింత. వెనక భాగానికీ లైనింగుకీ వేరే లెక్క వేసుకోండి.

కొనడానికి చిక్‌పేట. మారతహళ్లి నుంచి కారులో వెళ్లి ఆ సందుల్లో పార్కింగ్ కోసం తిరగడం కంటే పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్ మారితే తర్వాతి స్టేషనే చిక్‌పేట. వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. లేసులు, బొత్తాలు, దారాలు, సూదులు అవెన్యూ రోడ్డు పక్కన రాజా మార్కెట్‌లో చూడండి. అంత దూరం వద్దనుకుంటే మీ పేటలో మ్యాచింగ్ సెంటర్ చాలు, జాకెట్టు గుడ్డల కాటన్లో మీకు కావలసిన రంగులన్నీ ఉంటాయి. సాదా రంగులు రెండు, ప్రింటు ఒకటి తీసుకోండి. మూడూ ప్రింట్లయితే ఏ గడి ఎక్కడుందో వాళ్లకే అర్థం కాదు. అన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి, రెండు గుడ్డలు ఒకే బూడిద రంగులో కనిపిస్తే అందులో ఒకటి మార్చండి.

పెడన కలంకారీ క్విల్టులో చాలా బాగుంటుంది, కానీ ఆ ఎరుపు, ఆ నలుపు మొదటి ఉతుకుల్లో దిగుతాయి. ముందే విడిగా తడిపి, తెల్లటి తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే ఇంకోసారి ఉతకండి, నీళ్లు తేరేదాకా. ఉప్పు నీళ్లలో నానబెడితే పోయే రంగు ఆగిపోతుందని మనిళ్లల్లో ఒక నమ్మకం ఉంది, దాన్ని నమ్ముకుని ముదురు ఎరుపు పక్కన తెలుపు వేయకండి. మంగళగిరి కాటన్ భేషుగ్గా పనికొస్తుంది. పలచటి నేత గుడ్డయితే మాత్రం పావు అంగుళం అంచు పోగులూడి జారిపోతుంది, అలాంటి వాటికి గంజి తప్పదు, కుట్టు చిన్నదిగా పెట్టాలి.

బ్యాటింగు కాటన్‌ది దొరికితే సరే, లేకపోతే పాలిస్టరుదే పలచనిది తీసుకోండి. దాని మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే కరిగి పెట్టెకి అంటుకుంటుంది, ఈ సంగతి క్లాసులో చెప్పకపోతే ఎవరో ఒకరు చేసి చూపిస్తారు. రెండూ వద్దంటే పాత ఫ్లానెల్ దుప్పటి ముక్క, ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె నాలుగు పొరలు కూడా బాగానే పనిచేస్తాయి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్ సిటీలో క్లాసు పెట్టబోతున్నాను. ఒకరికి పాత తొక్కుడు మిషన్, ఒకరికి కంప్యూటర్ మిషన్, ఇద్దరికి ఆన్‌లైన్‌లో కొన్న అరచేతంత మిషన్లు. నాకు నా మిషన్ తప్ప ఇంకోటి తెలియదు. ఎలా నెగ్గుకురావాలి?

జవాబు: అందరినీ మిషన్లు తేవద్దనండి. ఇద్దరికి ఒక మిషన్ సరిపోతుంది, ఒకరు కుడుతుంటే ఇంకొకరు ఇస్త్రీ చేస్తారు. వారం ముందు గ్రూపులో వాళ్ల మిషన్ ఫొటో, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) ఫొటో పెట్టమనండి. ఒకరి బాబిన్ ఇంకొకరి మిషన్‌కి పట్టకపోవచ్చు, ఆ రోజు అరువు తెచ్చుకోవడాలు కుదరవు. తొక్కుడు మిషన్ ఉన్నావిడ అదృష్టవంతురాలు, తిన్నటి కుట్టుకి దాన్ని మించింది లేదు, మోసుకురావడమే కష్టం, ఆవిడని ఇంకొకరి పక్కన కూర్చోబెట్టండి. అరచేతి మిషన్లు రెండూ ఇంట్లోనే ఉంచమని మొహమాటం లేకుండా చెప్పండి. కుట్టు తిన్నగా రాదు, అది తమ చేతకానితనం అనుకుని వాళ్లు క్లాసు మానేస్తారు.

ప్రతి మిషన్‌కీ కొత్త సూది పెట్టించండి, మామూలు కాటన్‌కి 14 నంబరు సరిపోతుంది. ఇక మిషన్ మొరాయిస్తే ముందు చూడాల్సింది ఒక్కటే. కుట్టు కింద దారం పీచుముద్దలా చుట్టుకుంటే అందరూ బాబిన్‌ని తిడతారు, తప్పు సాధారణంగా పై దారంలో ఉంటుంది. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి దిగదు. పాదం పైకెత్తి, దారం మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించమనండి, చాలాసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది. మీకు ఆ కంపెనీ మిషన్ తెలియాల్సిన పని లేదు.

కరెంటు సంగతి మర్చిపోకండి. మిషన్లు పెద్దగా లాగవు, ఇస్త్రీపెట్టెలే గండం. 1000 వాట్ల పెట్టె నాలుగు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది, మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆరుకి మించి మోయదు, ఒకే బోర్డుకి రెండు పెట్టెలు పెట్టారా, వైరు వేడెక్కుతుంది, లేదా ఫ్యూజు పోయి క్లాసంతా చీకటవుతుంది. గోడ ప్లగ్గుకి ఒక పెట్టె. ముందురోజు వెళ్లి ఏ ప్లగ్గు పనిచేస్తుందో ఫోన్ చార్జరు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: బనశంకరిలో నా క్లాసుకి బాగల్‌కోట వైపు పెద్దావిడ ఒకరు వస్తున్నారు. నేను కొలత చెప్పిన ప్రతిసారీ "మేం కౌదికి టేపు పట్టింది లేదమ్మా" అంటారు, కౌది అంటే వాళ్ల వైపు బొంత. అందరూ నా పాఠం వదిలేసి ఆవిడ వైపు తిరుగుతారు. నాకు చిరాకొస్తోంది, ఎలా చెప్పాలో తెలియట్లేదు.

జవాబు: ఏమీ చెప్పకండి, ఆవిడకి ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఆవిడ అన్నది నిజం. ఉత్తర కర్ణాటక కౌదైనా, మన బొంతైనా అడుగున ఒక గుడ్డ పరిచి, దాని మీద పాత చీరల పొరలు, ముక్కలు పేర్చి, అంచులు లోపలికి మడుస్తూ సాదా కుట్టు వేసుకుంటూ పోవడమే. ముక్క ఎంతుంటే అంత, పక్కదాని మీదకి కాస్త ఎక్కితే చాలు. మన గళ్ల పనిలో ఒక ముక్క అంచు ఇంకో ముక్క అంచుకి సరిగ్గా కలవాలి, మోయడానికి అడుగు గుడ్డ లేదు, అందుకే టేపు కావాలి. ఈ తేడా ఆవిడ కుట్టి చూపించాక మీరు చెప్తే ఇంక ఎవరూ మిమ్మల్ని పావు అంగుళం ఎందుకని అడగరు.

ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ వైపు సిద్దీ స్త్రీలు కుట్టే కవంద్ బొంతల గురించి కూడా చెప్పించండి, చెప్పగలిగితే. ఆఫ్రికా మూలాలున్న కుటుంబాలు వాళ్లవి. బయటి అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకొస్తారు. నాలుగు మూలలా చిన్న చిన్న గుడ్డముక్కలు మడిచి పూలలాగా కుట్టాలి, వాటిని ఫులా అంటారు, అవి లేకపోతే బొంత ఒంటి మీద బట్ట లేనట్టేనని వాళ్ల లెక్క. ఇరవై నిమిషాలు అయ్యాక మాత్రం, ఇక టేపులు తీయండమ్మా అని మీరే గొంతెత్తాలి. క్లాసు మీది కదా, ఆవిడకీ ఆ సంగతి తెలుసు.

ప్రశ్న: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్విల్టింగ్ నేర్చుకోవాలని ఉంది. మగవాణ్ణి, క్లాసులో చేరితే ఎబ్బెట్టుగా ఉంటుందా?

జవాబు: వాళ్లకి బ్లౌజు కుట్టేది ఎవరో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి, సగం మంది టైలరు అన్నయ్య పేరే చెప్తారు. ఫోన్ చేసి చేరండి. మొదటి రోజు సూదిలో దారం మీరే ఎక్కించుకోండి, పక్కావిడకి ఇవ్వకండి, అంతే.

ప్రశ్న: సర్జాపూర్ రోడ్డులో క్లాసు మొదలుపెడుతున్నాను, అందరూ తెలిసినవాళ్లే. ఫీజు ఎంతని చెప్పాలో తెలియట్లేదు. ఊరికే నేర్పితే మంచిదా?

జవాబు: ఊరికే నేర్పితే మొదటి రోజు పన్నెండు మంది వస్తారు, రెండో రోజు నలుగురు. వానొచ్చిందనో, చుట్టాలొచ్చారనో, ఏదో ఒకటి ఉంటుంది. డబ్బు కట్టినవాళ్లు వానలో ఆటో మాట్లాడుకుని మరీ వస్తారు.

లెక్క ఇలా వేయండి. ఒక్కొక్కరికి ఇచ్చే సామాను కవరులో గుడ్డ, బ్యాటింగు, దారం, సూది, పిన్నీసులకి ఎంతయిందో బిల్లులు చూసి రాయండి, పాడయ్యే ముక్కలకి కొంత కలపండి. మీ సూదులు, కట్టరు బ్లేడు, చిక్‌పేట పోనూ రానూ ఖర్చు, హాలు అద్దె ఉంటే అదీ అందరికీ పంచండి. ఇంతవరకూ మీ జేబులోంచి పోయేదే. దాని మీద మీ గంటలు, క్లాసులో నిలబడిన ఆరు గంటలే కాదు, కొన్న రోజు, కత్తిరించిన రాత్రి కూడా. గంటకి ఎంతన్నది మీ ఇష్టం, మీ పేటలో యోగా క్లాసుకో, చిత్రలేఖనం క్లాసుకో ఎంత తీసుకుంటున్నారో కనుక్కుంటే ఒక అందాజు దొరుకుతుంది. తెలిసినవాళ్ల దగ్గర మొహమాటంగా ఉంటే సామాను డబ్బు వేరు, నేర్పినందుకు వేరు అని రెండుగా రాసి చూపించండి. సామాను బిల్లు మీద ఎవరూ బేరమాడరు.

సామాను డబ్బు ముందే తీసుకోండి, గుడ్డ కొనకముందే. ఎవరైనా చివరి నిమిషంలో మానేస్తే వాళ్ల సామాను కవరు వాళ్లకి పంపేయండి, నేర్పినందుకు తీసుకున్నది వెనక్కివ్వడం మీ మనసు. మొదటి ఆదివారం రానివాళ్లని రెండో ఆదివారం నేరుగా కూర్చోబెట్టుకోకండి. మూడు పొరలు పేర్చడానికి వాళ్ల దగ్గర పై భాగమే ఉండదు, మీరు వాళ్ల దగ్గర ఇరుక్కుపోతారు, మిగతా తొమ్మిది మందీ దారం తెగి చేతులు కట్టుకుని కూర్చుంటారు. మధ్యలో ఒక సాయంత్రం గంటసేపు మీ ఇంటికి రమ్మనండి, గళ్లు కలిపేసుకుని ఆదివారం అందరితో కూర్చుంటారు, దానికి వేరే ఫీజు అని ముందే చెప్పేయండి.